తెర అడుగున అక్షరాలు

థియేటరు మేనేజరు జగన్నాధం ఎదుట కూర్చున్నప్పుడు కూడా యమున ఒళ్ళో కూరల సంచి ఉంది. సంచిలోంచి ములక్కాడలు బల్ల మీదికి తొంగిచూస్తున్నాయి. మాట్లాడుతున్నంతసేపూ జగన్నాధం వాటివైపే చూశాడు. ఫలానా సినిమా వెయ్యమని అడగడానికి వచ్చేవాళ్ళు అతని అనుభవంలో మెడలో కండువాతో, వెనక మందితో వస్తారు. ములక్కాడలతో ఇంతవరకు ఎవరూ రాలేదు.

"మళ్ళీ సెప్పండమ్మా," అన్నాడు. "జపాను బొమ్మ. మనుషులుండరు. అన్నీ గీసిన బొమ్మలే."

"అవునండి."

"పాటలు?"

"ఉన్నాయి. ఎవరూ గంతులెయ్యరు."

"ఫైట్లు?"

"తుఫాను ఉంది."

జగన్నాధం ఆలోచనలో పడ్డాడు. శ్రీకాకుళం జిల్లాలో తుఫాను చూడ్డానికి టిక్కెట్టు కొనేవాడెవడని అతని అనుమానం. పోయిన ఏడాది తిత్లీ ఉచితంగానే వచ్చి వెళ్ళింది.

సినిమా పేరు 'అలకి అవతల ఇల్లు'. జపాన్లో వేసవిలోనే విడుదలైంది. అప్పట్నుంచీ ప్రపంచంలో ఉన్న ఇలాంటి బొమ్మల పిచ్చివాళ్ళందరూ తమ దేశానికి ఎప్పుడొస్తుందా అని కాచుకుని ఉన్నారు. మన దేశంలో వాళ్ళు సంతకాలు పోగేసి పంపితే బొంబాయి కంపెనీ ఒకటి మెత్తబడి, అక్టోబరులో వేస్తామని ఊళ్ళ పేర్లు ప్రకటించింది. ఆ ప్రకటన వచ్చినప్పుడు యమున పెనం మీద దోసె ఉంది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం. శ్రీకాకుళం దాకా రాకుండా అక్కడితో జాబితా ఆగిపోయింది, దోసె మాడిపోయింది.

ఏ మంచిదైనా విశాఖలోనే ఆగిపోతుందనేది యమున పాత ఫిర్యాదు. గుండె డాక్టరు అక్కడే ఆగాడు. కళ్ళకి ఆపరేషను చేసే మిషను అక్కడే ఆగింది. చివరికి పెళ్ళి బట్టలకి రంగు కలిసే జాకెట్టు గుడ్డ కూడా అక్కడే ఆగింది. భర్త తిరుమలరావు జిల్లా పరిషత్తు ఆఫీసులో పనిచేస్తాడు. ఏది లేదన్నా "విశాఖ వెళ్ళి తెచ్చుకుందాంలే" అనడం ఆయన అలవాటు. దీనికీ అదే మాట అన్నాడు. ఆవిడ వెళ్ళనంది. ఈ ఊరి వాళ్ళకి కళ్ళు ఇక్కడ ఉన్నప్పుడు బొమ్మ ఇక్కడెందుకు పడకూడదని అడిగింది. ఆయన పేపరు తిప్పాడు.

అందుకే ఆవిడ బొంబాయికి మెయిలు మీద మెయిలు రాసింది. చివరికి వాళ్ళు విసుగుపుట్టో, జాలిపడో, ఏదైనా థియేటరు ముందుకొస్తే శుక్రవారం పొద్దుట ఒకే ఒక్క ఆట ఇస్తామన్నారు.

"సంగతేటంటే," అన్నాడు జగన్నాధం, ములక్కాడల మీంచి చూపు తీసి. "ఈ శుక్రవారం పడాల్సిన పెద్ద హీరో బొమ్మ వాయిదా పడింది. పొద్దుటాట ఖాళీయే. మీకిచ్చీగలను. గాని సగం హాలన్నా నిండాలి. జనం గోల సేసి సీట్లు సింపితే మాత్రం ఇంక మీరు నన్నేదీ అడక్కూడదు. మీరే కాదు, ఇలాటి బొమ్మ పట్టుకుని ఎవులొచ్చినా నాను గేటు కాడే దండం ఎట్టీస్తాను."

యమున ఒప్పుకుంది. లేచేటప్పుడు రెండు ములక్కాడలు తీసి బల్ల మీద పెట్టింది. జగన్నాధం వద్దనలేదు.

*

'సిక్కోలు బొమ్మల సంఘం' అనే ఫోను గుంపులో ఆ సాయంత్రం పండగైంది. అందులో ఉన్నవాళ్ళంతా కాలేజీ పిల్లలు. శ్రీకాకుళం, ఆమదాలవలస, పలాస, పార్వతీపురం, ఇలా అన్నివైపుల నుంచీ ఉన్నారు. ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు. గుంపుకి పెద్ద 'నాగావళి' అనే పేరుతో రాసే మనిషి. ఆ మనిషిని అందరూ అన్నా అంటారు. ఏ వాదన ముదిరినా నాగావళి అన్న "మిగతాది భోజనాల తర్వాత" అని రాసి మాయమైపోతాడు. అన్న తిండిపోతని, బహుశా మెస్సులో ఉంటాడని పిల్లల నమ్మకం. యమున ఆ నమ్మకాన్ని ఎప్పుడూ చెడగొట్టలేదు. ఆ సమయంలో ఆవిడ వడ్డిస్తూ ఉంటుంది.

గుంపుకి ఒకే నియమం. అది రాసింది కూడా నాగావళే. జపాను బొమ్మని జపాను గొంతుల్లోనే వినాలి, తెర అడుగున వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదువుకోవాలి. గొంతు మార్చిన బొమ్మ చూడ్డం ప్లాస్టిక్ మల్లెపూలు వాసన చూడ్డం లాంటిదని ఒకసారి నాగావళి రాస్తే, భాస్కర్ అనే ఇంజనీరింగు కుర్రాడు దాన్ని ఫొటో కట్టించినట్టు గుంపు ముఖచిత్రంగా పెట్టాడు.

బుధవారం పొద్దున్న కంపెనీ పంపిన పోస్టర్ల చుట్ట కొరియరులో వచ్చింది. గోడలకి అంటించే వాళ్ళకి ఇవ్వకముందు యమున ఒకటి విప్పి వసారాలో నేల మీద పరిచి, నాలుగు మూలలా గ్లాసులు పెట్టి చూసుకుంటోంది. అప్పుడే మరిడమ్మ తట్ట దింపింది.

మరిడమ్మ గార దిక్కున సముద్రపు ఊరి నుంచి రోజూ ఆటోలో చేపలు తెస్తుంది. పుట్టిల్లు భావనపాడు. తట్ట అరుగు మీద పెట్టి, కవళ్ళ చేపల మీద తడిగుడ్డ సర్ది, పోస్టరు దగ్గర గొంతుక్కూర్చుంది. పోస్టరులో నడుందాకా సముద్రంలో నిలబడ్డ ముసలావిడ ఉంది. నెత్తికి తెల్లగుడ్డ చుట్టుకుంది. భుజాన చెక్కతొట్టి. వెనక గట్టు మీద పరికిణీ లాంటిది కట్టుకున్న పిల్ల.

"ఈ ముసల్ది ఏటి అమ్ముతాదమ్మా?" అంది మరిడమ్మ.

నీళ్ళలో మునిగి, అడుక్కి దిగి గుల్లలు ఏరుకొస్తుందని యమున చెప్పింది. ఆ ఊళ్ళో ఆ పని ఆడవాళ్ళే చేస్తారంది.

"మరి మొగోళ్ళు?"

"పడవ మీద కూర్చుంటారు."

"అయితే మనూరే," అని మరిడమ్మ పోస్టరు మూలనున్న గ్లాసు కాస్త జరిపి, దాని కింద ఏముందో కూడా చూసింది. పిల్ల పేరేమిటని అడిగింది. నాగి అని చెబితే తలూపింది. వాళ్ళ తోటికోడలు కూతురి పేరూ నాగేనట. ఇంత దూరపు దేశంలో ఆ పేరు ఎలా ఉందని ఆవిడ ఆశ్చర్యపడలేదు. ఉన్నందుకు సంతోషించింది.

మధ్యాహ్నం ఎల్లాజీ వచ్చాడు. అతని ఆటో మీద రెండు హారన్లు, లోపల డబ్బా స్పీకరు, ఒక చేతి మైకు. ఊళ్ళో సినిమాకైనా, సంబరానికైనా, చీరల తగ్గింపు ధరలకైనా అతని గొంతే. యమున తెల్లకాగితం మీద చక్కగా రాసిచ్చింది. జపాను చిత్రం, జపాను భాషలోనే, ఇంగ్లీషు అక్షరాలతో, శుక్రవారం ఒక్క ఆట మాత్రమే. ఎల్లాజీ కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మీరేం కంగారు పడకండమ్మా. నాను సూసుకుంతాను," అన్నాడు.

యమునకి కంగారు అక్కడే మొదలవ్వాల్సింది.

*

గురువారం ఆవిడ గుమ్మంలో నిలబడి పిండి జల్లిస్తుండగా పాలకొండ రోడ్డు వైపు నుంచి గొంతు వినబడింది. ఆటో వీధి మలుపు తిరిగేసరికి మాటలు విడివిడిగా తేలాయి.

"రేపే. రేపే. రేపే. సముద్రాన్ని నమ్ముకున్న ముసలమ్మ, మనవరాలి కన్నీటి గాథ. ఆడపడుచులు, అమ్మలు, అప్పలు, సకుటుంబ సపరివారంగా తరలిరండి. జపాను వారి సమర్పణ, అలకి అవతల ఇల్లు. అచ్చ తెలుగులో."

యమున చేతిలో జల్లెడ ఆగింది.

తర్వాత అడిగితే ఎల్లాజీ చెప్పిన కారణం న్యాయంగానే ఉంది. అతని గొంతుతో వెళ్ళిన ఏ బొమ్మా ఇంతవరకు తెలుగు కాక మరోటి కాలేదు. అరవ బొమ్మైనా, ఇంగ్లీషు బొమ్మైనా ఈ ఊరికొచ్చేసరికి తెలుగైపోయే వస్తుంది. కాగితంలో రాసిన ఆ ఒక్క ముక్క అమ్మగారు తెలియక చేసిన పొరపాటనుకుని సరిదిద్దాడు. అతని వృత్తిలో అది సాయం.

ఆటో ఆవిడ గేటు ముందే మెల్లగా వెళ్ళింది. ఎల్లాజీ ఆవిణ్ణి చూసి గౌరవంగా తలొంచాడు. చెయ్యెత్తి ఆపితే చాలు. జల్లెడ కింద పెట్టి రెండడుగులు వేస్తే చాలు. ఆవిడ చెయ్యెత్తలేదు. పొద్దున్న జగన్నాధం ఫోను చేసి టిక్కెట్లు కదలడం లేదని గొణిగాడు. సంఘం పిల్లలందరూ వచ్చినా ముందు వరసలు నిండవు. ముందు జనం లోపలికి రానీ, బొమ్మ మొదలయ్యాక బొమ్మే చూసుకుంటుందని ఆవిడలోని కొంటెమనిషి అంది. ఆవిడలోని మర్యాదస్తురాలు జల్లెడని ఒకసారి గట్టిగా తట్టింది. ఆటో వెళ్ళిపోయింది.

సాయంత్రానికి జగన్నాధం మళ్ళీ ఫోను చేశాడు. ఈసారి గొంతులో తేనె ఉంది. ఆడవాళ్ళు వచ్చి అడుగుతున్నారట. గార వైపు నుంచి ఎవరో ఒక ఆటో నిండా వస్తామని కబురు పెట్టారట. శుక్రవారం ఊళ్ళో సగం ఇళ్ళలో నీచు వండరు. చేపలమ్మే వాళ్ళకి ఆ పూట ఖాళీయే.

ఆ రాత్రి తిరుమలరావు అన్నం కలుపుకుంటూ, రోడ్డు మీద విన్నాను, తెలుగేనట కదా, అన్నాడు. యమున ఆయనకి ఇంకో గరిటెడు పులుసు పోసింది.

*

శుక్రవారం పొద్దున్న థియేటరు ముందు ఏ హీరో కటౌటూ లేదు. అయినా శుక్రవారం మొదటి ఆటకి కొబ్బరికాయ కొట్టకుండా మిషను ఆన్ చెయ్యనని ఆపరేటరు దాలయ్య పట్టు. ఎవరి ముందు కొట్టాలో తెలియక కాసేపు అటూ ఇటూ చూసి, పోస్టరులోని ముసలావిడ నుదుట కుంకం పెట్టి, ఆవిడ కాళ్ళ దగ్గర కొట్టాడు. ఆవిడ కాళ్ళు నీళ్ళలో ఉన్నాయి కనక నీళ్ళ దగ్గర కొట్టాడనాలి.

హాలు నిండలేదు గాని, సగం దాటింది. మరిడమ్మ వాళ్ళ ఊరి ఆడవాళ్ళు ఒక వరసంతా ఉన్నారు. తలకి నూనె రాసుకుని, పూలు పెట్టుకుని, పెళ్ళికొచ్చినట్టు కూర్చున్నారు. పేటల్లోంచి ముసలమ్మలు మనవల్ని పట్టుకొచ్చారు. ఎవరో చేగోడీల డబ్బా విప్పారు. సంఘం పిల్లలు మధ్య వరసల్లో చేరి, ఈ జనాన్ని చూసి ఆనందపడాలో భయపడాలో తెలియక ఉన్నారు.

యమున చివరి కుర్చీ ఖాళీగా కనబడితే అటు వెళ్ళింది. దాని మీద చేతిరుమాలు వేసి ఉంది.

"ఆంటీ, అది ఆపినాం," అన్నాడు పక్క కుర్రాడు మర్యాదగానే. "మా అన్న వస్తాడు. ఈ బొమ్మ ఈ ఊరికి తెచ్చింది మా అన్నే."

బస్సులో సీటుకి రుమాలు వేసినట్టు తనకి ఎవరైనా ఇదివరకు వేశారేమోనని యమున గుర్తు చేసుకోబోయింది. ఎవరూ వెయ్యలేదు. "అలాగే బాబూ," అని వెనక వరసలో కూర్చుంది. కుర్రాడి ఫోను మీద భాస్కర్ అని పేరు కనబడింది.

దీపాలు ఆరాయి. ఇన్ని నెలలు వంటింటి గట్టు మీద, పప్పుల డబ్బాకి ఆనించిన ఫోనులో ట్రైలరుగా, అరచేయంత చూసిన సముద్రం గోడంత పొడుగున లేచింది. తెల్లవారుజాము, బూడిదరంగు నీళ్ళు, ముసలావిడ తల గుడ్డ బిగించుకోవడం. అంతా మౌనం. వెనకనుంచి మరిడమ్మ గొంతు మెల్లగా, "అద్గద్గో, తొట్టె," అంది.

అప్పుడు ముసలావిడ నోరు తెరిచి జపాను భాషలో మాట్లాడింది.

హాలు ఓపికగా ఎదురుచూసింది. పిల్ల జవాబు చెప్పింది. అదీ జపానే. పడవవాడు ఏదో అరిచాడు.

"ఇదేటి బాస?" అన్నారెవరో.

"పాత రీలేమో, మారుస్తారుండు."

ఎవరో ఈల వేశారు. ఎవరో, మావా, తెలుగు నొక్కండి, అని మిషను గది వైపు కేకేశారు. ఒక చంటిపిల్ల ఏడుపు అందుకుంది. సంఘం పిల్లలు వెనక్కి తిరిగి ఉష్షన్నారు. ఆ ఉష్షుతో ముసలమ్మలకి కోపం వచ్చింది. డబ్బులిచ్చి కొనుక్కున్నాం, నోరు ముయ్యమంటాడేటి, అని ఒకావిడ లేచి నిలబడింది. తెర అడుగున తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు బుద్ధిగా వస్తున్నాయి, పోతున్నాయి. వాటివైపు చూసినవాళ్ళు తక్కువ, చదవగలిగినవాళ్ళు ఇంకా తక్కువ.

జగన్నాధం చీకట్లో తడుముకుంటూ వచ్చి యమున పక్కన వంగాడు. చెమట వాసన కొడుతున్నాడు.

"ఆపీమంతారా? ఆపీసి టిక్కెట్ల సొమ్ము తిరిగి ఇచ్చీడమే మేలు. సీట్లు ఊడిపోతే నా ఉద్యోగం ఊడిపోద్ది."

ఆపేస్తే మళ్ళీ వెయ్యడానికి లేదు. శాటిలైటు మీంచి దిగిన ఆ బొమ్మకి కంపెనీ వేసిన తాళం ఉంది, ఆ తాళం ఈ ఒక్క ఆటకే తెరుచుకుంటుంది. యమున మరిడమ్మ వరస వైపు చూసింది. ఎవరూ అరవడం లేదు. కొప్పుల్లో పూలతో, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పొరపాటు తమదేమోనన్నట్టు తెరవైపే చూస్తున్నారు. నిన్న గేటు దగ్గర ఎత్తని చెయ్యి యమునకి ఇప్పుడు బరువుగా ఉంది.

"ఎల్లాజీ ఉన్నాడా?" అంది.

"బయట టీ తాగతన్నాడు."

"డబ్బా స్పీకరు, మైకు తెమ్మనండి. గబగబా."

*

డబ్బా స్పీకరుని తెర కింద మెట్టు మీద పెట్టారు. ఎల్లాజీ మైకుని ఊది, చెంగుకి తుడిచినట్టు తన చొక్కాకి తుడిచి ఇచ్చాడు. "అడుగున అచ్చరాలు సదివీ మనిసి కావాలని ముందే సెప్పుంటే నానే వచ్చీవోణ్ణి కదమ్మా," అన్నాడు. అతని నమ్మకం చెక్కుచెదరలేదు.

యమున తెరకి పక్కగా, గోడవారన నిలబడింది. అంత దగ్గర్నుంచి పై బొమ్మ అసలు ఆనదు. అక్షరాలు మాత్రం ఒక్కొక్కటీ ఇటుకంత ఉన్నాయి. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"అమ్మమ్మా, నన్ను కూడా సముద్రంలోనికి తీసుకొని వెళ్ళవలసిందిగా కోరుతున్నాను."

వెనకనుంచి ఒక గొంతు, చికాకుగా కాదు, బతిమాలుతున్నట్టు, "మామూలుగా సెప్పమ్మా," అంది.

యమున డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో వదిలేసిన భాష ఒకటుంది. విశాఖ అమ్మాయిలు నవ్వుతారని వదిలేసింది. అది గొంతులో ఎక్కడో మడతపెట్టి ఉన్నట్టుంది. తర్వాతి అక్షరాలు రాగానే అదే వచ్చింది.

"నానూ వస్తాను అమ్మమ్మా. నాకు ఈత వచ్చు."

"ఈతొస్తే సాలదే. ఊపిరి ఆపడం రావాల. నీ అమ్మకీ ఈతొచ్చు, ఏదీ మరి?"

హాలు ఒక్కసారిగా సర్దుకుంది. నిలబడ్డావిడ కూర్చుంది. చంటిపిల్లని ఎవరో భుజం మార్చారు.

ఆ తర్వాత యమునకి తెర అడుగు తప్ప ఇంకేమీ లేదు. అక్షరాలు వచ్చి నిలిచేది ఒక గుక్క సేపు. ఈలోగా చదవాలి, తెలుగు చెయ్యాలి, ముసలావిడైతే గొంతు తగ్గించాలి, పిల్లైతే పెంచాలి, ఎవరు మాట్లాడేదీ తెలిసేట్టు చెప్పాలి. పైకి చూస్తే కింద మాట పోతుంది. పైన ఏదో వెలుగు మారుతోందని తన చేతుల మీద పడే రంగుని బట్టి తెలుస్తోంది. ఒకసారి చేతులు పచ్చగా అయ్యాయి. ఒకసారి నారింజరంగు పాకింది. జనం నవ్వితే ఎందుకు నవ్వారో తెలియదు. "ఓలమ్మా," అంటే ఏం చూసి అన్నారో తెలియదు.

మధ్య వరసలోంచి భాస్కర్ లేచి వచ్చాడు. ముఖం ఎర్రబడి ఉంది.

"ఆంటీ, ప్లీజ్. మేం పలాస నుంచి, పార్వతీపురం నుంచి వచ్చింది ఆ గొంతులు వినడానికి. గొంతు మార్చిన బొమ్మ మేం చూడం. మాకొక పద్ధతుంది. మా అన్న..."

పడవవాళ్ళిద్దరు తెర మీద తగువు మొదలుపెట్టారు. అక్షరాలు రెండేసి వరసలుగా వస్తున్నాయి. యమున అతనివైపు తిరగలేదు.

"మిగతాది భోజనాల తర్వాత," అంది. "ముందు ఆ పెద్ద పడవవాడి మాటలు నువ్వందుకో. చిన్నవాడివి నేను చెబుతాను."

భాస్కర్ నోరు తెరిచాడు. ఆవిడ చీర వైపు చూశాడు, చెప్పుల వైపు చూశాడు, మళ్ళీ ముఖం వైపు చూశాడు. తెర మీద పెద్ద పడవవాడు అప్పటికే సగం మాట అయిపోయాడు. కుర్రాడు మైకులోకి వంగి, "ఒరే, ఆ ముసల్దాని మాటిని నువ్వు వల తీయకురా," అన్నాడు. వెనక వరసలు చప్పట్లు కొట్టాయి.

ఆ తగువు అయ్యాక అతను సీట్లోకి వెళ్ళిపోలేదు. పక్కనే నేలమీద కూర్చుని, మగగొంతు వచ్చినప్పుడల్లా చెయ్యి చాపాడు. మధ్యలో ఎవరో నీళ్ళ సీసా అందించారు. ఎవరో చేగోడీలు కూడా పంపారు గాని తినే వీలులేదు.

తుఫాను వచ్చింది. అప్పుడు అక్షరాలు ఆగిపోయాయి. గాలి, నీళ్ళు, చెక్క విరిగే చప్పుడు, అంతే. చదవడానికి ఏమీ లేదు. పైకి చూడొచ్చు. కానీ ఏ క్షణాన ఏ మాట వస్తుందోనని యమున అడుగునున్న ఆ నల్లటి పట్టీ మీదే కళ్ళు నిలిపింది. పోయిన ఏడాది రేకులెగిరిపోయిన ఇళ్ళవాళ్ళు, వలలు పోయినవాళ్ళు, రోజుల తరబడి కరెంటు లేక చీకట్లో కూర్చున్నవాళ్ళు హాల్లో ఉన్నారు. ఎక్కడో ఒక ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. తర్వాత ఇంకోటి. ఎంతోసేపటికి గాని తెల్లటి అక్షరాలు ఒక్క ముక్కగా రాలేదు.

"అమ్మమ్మా," అంది యమున మైకులో. ఆ తర్వాత మాట లేదు. బొమ్మ కూడా అంతటితో ఆగిందని దీపాలు వెలిగాక తెలిసింది.

జనం లేచారు, ముక్కులు తుడుచుకుంటూ, చేగోడీ డబ్బాలు మూస్తూ. మరిడమ్మ వరసలో ఒకావిడ వెళుతూ వెళుతూ యమున బుగ్గలు రెండు చేతుల్తో తడిమి మెటికలు విరిచింది. జగన్నాధం వెనక్కి తిరిగి సీట్లు ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూసుకున్నాడు. ఒక్కటీ చిరగలేదు. ఇంకో బొమ్మ ఎప్పుడొస్తాదమ్మా అని అడిగాడు.

భాస్కర్ తన వరసలోకి వెళ్ళి రుమాలు దులిపి, ఖాళీ కుర్చీ వంచి చూపించాడు.

"కూర్చో అన్నా," అన్నాడు. నాలిక కరుచుకున్నాడు గాని మార్చలేదు. "పొద్దున్నించీ నిలబడే ఉన్నావు."

యమున కూర్చుంది. ఎదుట తెర తెల్లగా, ఖాళీగా ఉంది. ఇన్నాళ్ళు కాచుకుని ఉన్న సినిమా వచ్చి వెళ్ళిపోయిందని, తను దాన్ని చూడలేదని అప్పుడు తోచింది. ఏడుపు రాలేదు. గొంతు మాత్రం బొంగురుపోయింది.

*

శనివారం గుంపులో నియమం మారింది. మార్చింది భాస్కర్. జపాను గొంతుల్లోనే వినాలి, నాగావళి అన్న గొంతు తప్ప, అని రాశాడు. ప్లాస్టిక్ మల్లెపూల మాట తీసేసి, చీర కట్టుకున్న మనిషి తెర కింద మైకు పట్టుకున్న ఫొటో పెట్టాడు. ముఖం కనబడదు. వెనక గోడంత అల ఉంది. అంత అల తన వెనక ఉన్నట్టు యమునకి అప్పుడే తెలిసింది.

తిరుమలరావు ఆ ఫొటోని కళ్ళద్దాలు పైకీ కిందికీ జరిపి చూశాడు. విశాఖలో చూసొస్తావా రేపు, అక్కడ ఇంకా ఆడుతోందట, నేనూ వస్తాను, అన్నాడు. ఆయన ఆ మాట అడగడం ఆవిడకి ముచ్చటేసింది. చూద్దాంలెండి, రేపు ఆదివారం కదా, చేపలు తీసుకోవాలి, అంది.

ఆదివారం మరిడమ్మ పెందలాడే వచ్చింది. తట్టలో పైన కవళ్ళున్నాయి. అడుగునుంచి తడిగుడ్డ చుట్టిన ఒక చందువ తీసింది. ఎంత అని అడిగితే వినబడనట్టు కత్తిపీట వేసుకుంది. ఈ చేప అమ్మడానికి తేలేదని ఆవిడ భుజాలు చెబుతున్నాయి. యమున బలవంతపెట్టలేదు. చెంబుతో నీళ్ళు పోస్తూ మెట్టు మీద కూర్చుంది.

"మాయూరంతా అదే మాటమ్మా," అంది మరిడమ్మ రెక్కలు కోస్తూ. "రానోళ్ళంతా నా పీక మీద కూకున్నారు, సెప్పు సెప్పు అని. నిన్నంతా సెప్తానే ఉన్నాను."

"నాకూ చెప్పు," అంది యమున.

"నీకేటి సెప్పడం. నువ్వే కదా మాకు సెప్పినావు."

"మాటలే చెప్పాను మరిడమ్మా. బొమ్మ చూడలేదు. అక్షరాలు కింద వస్తాయి, నేను కిందే చూశాను. తుఫాన్లో ఏం జరిగిందో, ఆఖర్న నాగి అమ్మమ్మా అన్నప్పుడు దాని ముఖం ఎలా ఉందో నాకు తెలీదు."

మరిడమ్మ కోయడం ఆపింది. కాసేపు యమునని చూసింది. జాలిపడలేదు. బేరం తేల్చుకునే మనిషిలా ఆలోచించింది. చందువని పక్కన పెట్టి, చెంబు నీళ్ళతో చేతులు కడుక్కుని, చీర కుచ్చెళ్ళకి తుడుచుకుని, సర్దుక్కూర్చుంది.

"ముందట నీలు వెనక్కి పోతాది," అంది. "ఎంత వెనక్కంటే, అడుగునున్న రాళ్ళు, పాచీ, సచ్చిన పడవలూ అన్నీ బయట పడిపోతాయి. ఆ పాచి రంగు సూడాలమ్మా, కాకరకాయ పచ్చ. నాగి గుంట ఆ తడి మీద నడిసెల్తాది, పరికిణీ మోకాళ్ళ మీదికి ఎత్తి పట్టుకుని. అడుగు తీస్తే అడుగులో నీలు నిండతాది. దూరంగా తెల్లటి గుడ్డ ఒకటి, ఇంతే ఇంత, ఎగరతన్నాది. అది ముసల్దాని తల గుడ్డ. అప్పుడు ఆకాసం..."

యమున చేతిలో చెంబు ఒరిగి నీళ్ళు మెట్టు మీదికి కారుతున్నాయి. ఆవిడ అలవాటుగా కిందికే, మెట్టు అడుగుకే చూస్తూ వింటోంది.

"కిందకి సూడకమ్మా," అంది మరిడమ్మ. "కింద ఏటీ నేదిప్పుడు. నా మొకం సూడు. ఆ గుంట మొకం ఎలగున్నాదో సూపిస్తాను."

యమున తలెత్తింది.